‘లో’ అంటే ‘ఇన్’, ‘మీద’ అంటే ‘ఆన్’ అని నేర్పడం ఆపేయాలా?

పల్లె బడి టీచర్

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఇన్నేళ్లూ ప్రిపొజిషన్ల పాఠం వచ్చిందంటే ముందు బోర్డు మీద పట్టిక వేసేదాన్ని. ‘ఇన్’ ఎదురుగా ‘లో’, ‘ఆన్’ ఎదురుగా ‘మీద’, ‘టు’ ఎదురుగా ‘కి’, ‘విత్’ ఎదురుగా ‘తో’, ‘ఫ్రమ్’ ఎదురుగా ‘నుంచి’. పిల్లలు రాసుకునేవాళ్లు, మర్నాడు అప్పజెప్పేవాళ్లు. ఈ ఏడాది ఆ పట్టిక మానేశాను. స్టాఫ్‌రూమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఏడో తరగతిలో ఒక పాప ‘షి కేమ్ ఆన్ ది బస్’ అని చదివి, “మేడమ్, బస్సు టాపు మీద కూర్చుని వచ్చిందా?” అని అడిగింది. పట్టికను నమ్మింది కాబట్టే అలా అడిగింది. నేను “అది అంతేనమ్మా, గుర్తుపెట్టుకో” అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఇంటికెళ్లి ‘కి’ ఒక్కదాన్నీ తీసుకుని కాగితం మీద రాసుకుంటూ పోయాను. బడికి వెళ్లాను: ‘టు స్కూల్’. ఇంటికి వెళ్లాను: ‘వెంట్ హోమ్’, మధ్యలో ఏమీ రాదు. ఆరింటికి లేచాను: ‘ఎట్ సిక్స్’. వేలికి ఉంగరం: ‘ఆన్’. జ్వరానికి మందు: ‘ఫర్’. పాముకి భయం: ‘ఆఫ్’. గంటకి అరవై కిలోమీటర్లు: ‘యాన్ అవర్’. నాకు ఆకలేస్తోంది అంటే ‘ఐ యామ్ హంగ్రీ’, అక్కడ ప్రిపొజిషనే లేదు. ఒక్క ‘కి’కి ఇన్ని దారులున్నప్పుడు ‘టు అంటే కి’ అని రాయించడం పిల్లల్ని తప్పుదారి పట్టించడమే కదా? ఈ పాఠంలోకి తెలుగును అసలు రానివ్వకూడదనీ, బొమ్మలతో, చిన్న చిన్న వాక్యాలతోనే చెప్పాలనీ నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

గుంటూరు కోచింగ్ సర్

మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ మీరు చెప్పిన మందుతో నేను ఏకీభవించను. బోర్డు మీద మీరు తెలుగు రాయకపోయినంత మాత్రాన పిల్ల బుర్రలో తెలుగు ఆగదు. ‘ఆన్’ కనపడగానే ‘మీద’ అనుకుంటుంది. మీరు రాస్తే కనీసం మీ కళ్లముందు అనుకుంటుంది, తప్పయితే దిద్దగలరు. రాయకపోతే లోపల్లోపలే అనుకుంటుంది.

బస్సు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. లోపల లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగే వాహనమైతే ‘ఆన్’: బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి ఎక్కి కూర్చోవడమే తప్ప నడిచే చోటు లేకపోతే ‘ఇన్’: కారు, ఆటో. బైకు, సైకిలు ఎలాగూ మీదెక్కేవే కాబట్టి ‘ఆన్’. ఇది తెలుగులో చెబితే ఒక్క నిమిషం పని.

నా దగ్గరికి బ్యాంకు పరీక్షలకీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకీ చదివేవాళ్లు వస్తారు. మూణ్నెల్లు టైముంటుంది. ‘సీనియర్’, ‘సుపీరియర్’ పక్కన ‘దేన్’ పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. ఎందుకంటే మనం ‘నాకంటే సీనియర్’ అంటాం. ‘మ్యారీడ్ టు’ బదులు ‘మ్యారీడ్ విత్’ అని రాస్తారు. ఎందుకంటే మనం ‘డాక్టరుతో పెళ్లయింది’ అంటాం. ఆ తప్పు ఎక్కణ్నించి పుట్టిందో తెలుగులో చూపిస్తేనే మళ్లీ చేయరు. బొమ్మలు వేసి ‘సీనియర్ టు’ ఎలా నేర్పుతారు?

బీఈడీ ట్రైనీ

సర్, మూణ్నెల్ల కోచింగు వేరు, అయిదేళ్ల బడి వేరు. బడిలో వాడకమే ముఖ్యం. మా తరగతిలో చదువుకున్న విషయం ఒకటి చెబుతాను. ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు గారు 1979లో బెంగళూరులో మొదలుపెట్టి 1984 దాకా దక్షిణాదిలో కొన్ని బళ్లలో ఒక ప్రయోగం చేశారు. గ్రామర్ పాఠం పెట్టకుండా, పిల్లలకు రైల్వే టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి వాటితో పనులు చేయించారు. ధ్యాసంతా ఆ పని మీదే. ముందు టీచరు తరగతి మొత్తంతో ఒకటి చేయిస్తారు, తర్వాత అలాంటిదే పిల్లలు సొంతంగా చేస్తారు.

టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుంటే ‘ఎట్’, ‘ఫ్రమ్’, ‘టు’, ‘బిట్వీన్’, ‘బై’ అన్నీ వాటంతటవే దొర్లుతాయి. విజయవాడ నుంచి ఎన్నింటికి బయల్దేరుతుంది, ఖమ్మంలో ఎంతసేపు ఆగుతుంది, పదింటికల్లా చేరాలంటే ఏ బండి ఎక్కాలి అని అడిగామంటే పాప ‘ఆన్ అంటే మీద’ అని కాక, ఎవరో ఎక్కడికో చేరాల్సిన సంగతిగా ఆలోచిస్తుంది. మేడమ్ గారి దారే సరైంది. పట్టిక వద్దు.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగి

నేను టీచర్ని కాను, డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ని. పైన ట్రైనీ గారు ‘పదింటికల్లా’ అని రాశారు చూడండి, నా కథంతా ఆ మాటలోనే ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పని ఎప్పటికి అవుతుందని క్లయింట్ అడిగితే ‘ఐ విల్ డూ ఇట్ టిల్ ఫ్రైడే’ అని మెయిల్ పెట్టాను. నా ఉద్దేశం శుక్రవారంకల్లా ఇచ్చేస్తానని. ఆయనకు అర్థమైంది శుక్రవారం దాకా చేస్తూనే ఉంటానని. మా లీడ్ అందరి ముందూ చదివి వినిపించారు. ఆ టెన్షన్ చాలా రోజులు పోలేదు. వాక్యం రాసిన ప్రతిసారీ చెయ్యి ఆగిపోయేది.

చాలా కాలం తర్వాత ఒక ఫ్రెండు “ఒరేయ్, ‘కల్లా’ అంటే ‘బై’, ‘దాకా’ అంటే ‘అంటిల్’, అంతే కదరా” అన్నాడు. మళ్లీ తప్పు చేయలేదు. ఆ తేడా మా అమ్మ మాటల్లో చిన్నప్పటి నుంచి వింటున్నదే. “అయిదింటికల్లా రా”, “అయిదింటి దాకా ఉండు”, ఈ రెండింటినీ కలిపేసుకునే తెలుగువాడు ఉండడు. బడిలో ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే! తెలుగును బయట నిలబెట్టి పాఠం చెబితే ఇలాంటి సాయం కూడా బయటే ఉండిపోతుంది.

‘నుంచి’ మాత్రం దెబ్బ తీస్తుంది, ఒప్పుకుంటాను. ‘రెండేళ్ల నుంచి’, ‘సోమవారం నుంచి’ మనకు ఒకటే. ఇంగ్లిష్‌లో ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. ‘ఫ్రమ్ టూ ఇయర్స్’ అనే మాట మా ఆఫీసులో ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది.

లెక్కల మాస్టారు

ఇంగ్లిష్ పీరియడ్‌లో జరిగేది నా పీరియడ్‌లో బయటపడుతుంది కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు పుస్తకాలు ఇంగ్లిష్ మీడియం. ‘యాడ్ త్రీ టు ఫైవ్’: అయిదుకి మూడు కలుపు. ‘సబ్‌ట్రాక్ట్ టూ ఫ్రమ్ నైన్’: తొమ్మిది నుంచి రెండు తీసెయ్. ఈ రెండూ మన విభక్తితో సరిపోతాయి, పిల్లలకు ఇబ్బంది లేదు. ‘డివైడ్ బై’ దగ్గరికి వచ్చేసరికి ‘మూడుతో భాగించు’ అనే అలవాటు కొద్దీ ‘డివైడ్ విత్’ అంటారు. అది చిన్న తప్పు, పోనీ.

పెద్ద చిక్కు ‘ఇంటూ’. మనం ఎక్కాల దగ్గర నుంచీ మూడు ఇంటూ నాలుగు పన్నెండు అంటాం. ‘డివైడ్ ది లైన్ ఇంటూ త్రీ పార్ట్స్’ అన్న లెక్క ఇస్తే, గీతను మూడు భాగాలు చేయడం మానేసి దేన్నో దేంతోనో గుణించడానికి సిద్ధమయ్యే పిల్లలు నాకు ప్రతి ఏడూ ఉంటారు. ఆ ‘ఇంటూ’ గుణకారం కాదని ఏ భాషలో చెప్పమంటారు? నేను తెలుగులోనే చెబుతాను.

రిటైర్డ్ తెలుగు పండిట్

అమ్మా, మీ ‘కి’ జాబితా చదివి చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని వల్లెవేయించినవాణ్ని. నా వంతు ఒక మాట.

మీరు ఇంగ్లిష్ గురించి పడుతున్న ఇబ్బందిని తెలుగు ఎప్పుడో చూసింది. చిన్నయ సూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించినప్పుడు తెలుగు ప్రత్యయాలను సంస్కృతం వరసలోనే సర్దారు. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అన్నీ కలిపి షష్ఠి కింద పెట్టారు. ‘ఇంట్లో’ అన్నది చోటు చెప్పే మాట, ‘ఇంటికి’ అన్నది వెళ్లే దిక్కు చెప్పే మాట, ‘ఇంటి యొక్క’ అన్నది సంబంధం. మూడూ ఒకే గదిలో ఉన్నాయి! పిల్లలు అడిగేవాళ్లు, ఎందుకండీ అని. ఒక భాష గదులు ఇంకో భాషకు సరిగ్గా సరిపోవని నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు, వల్లెవేయించాను. ఆ దిగులు నాకు ఇంకా ఉంది.

కాబట్టి పట్టిక తప్పన్న మీ మాట నిజం. అందుకని తెలుగును వెళ్లగొట్టడం న్యాయం కాదు. మీ బళ్లలో ఇప్పుడు సైన్సు, సోషల్ పుస్తకాలు రెండు భాషల్లో, ఎదురెదురు పేజీలతో వస్తున్నాయి కదా. ఒక పేరా తీసుకోండి. తెలుగు పేజీలో విభక్తి కింద గీత గీయించండి, ఎదుటి పేజీలో దానికి బదులు ఏమొచ్చిందో పిల్లల చేతే వెతికించండి. ‘లో’ ఉన్న చోట అయిదు రకాలు వచ్చాయని వాళ్లే చెబుతారు. వాళ్లు కనిపెట్టిన సంగతి వాళ్లకు గుర్తుంటుంది.

డల్లాస్ అమ్మ

మా ఇంట్లో ఇదే గొడవ తిరగేసి నడుస్తోంది. మా బాబు ఇక్కడే పుట్టాడు, తెలుగు నేర్పిస్తున్నాం. “అమ్మా, నేను బస్సు మీద వచ్చాను” అంటాడు. “శనివారం మీద తాతయ్యకి ఫోన్ చేద్దాం” అంటాడు. వాడికెవరూ పట్టిక వేయలేదు. ‘ఆన్’ వాడి లోపలే ఉంది, తెలుగు మాట్లాడేటప్పుడు అదే బయటికి వస్తోంది. అంటే బోర్డు మీద రాసినా రాయకపోయినా మొదటి భాష వెంట వస్తుందన్న కోచింగ్ సర్ మాట నిజమేననిపిస్తోంది.

ఇంకొకటి. ఇక్కడ ‘ఆన్ ది వీకెండ్’ అంటారు, లండన్‌లో ఉన్న మా అక్క ‘ఎట్ ది వీకెండ్’ అంటుంది. ఇద్దరివీ ఒప్పే. అలాంటి వాటికి పిల్లలకు మార్కులు కోయకండి, ప్లీజ్.

గుంటూరు కోచింగ్ సర్

డల్లాస్ అమ్మగారూ, పరీక్ష పేపరు దిద్దేది అక్కగారు కాదు కదండీ. ఆన్సర్ కీలో ఏముంటే అదే ఒప్పు. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ అక్కర్లేదు, కానీ ‘డిస్కస్ అబౌట్’ అని దేశమంతా అంటారు, ఆఫీసర్లూ అంటారు. అయినా పేపర్లో పెడితే మార్కు పోతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లవాడికి ఆ ఒక్క మార్కే ఉద్యోగం. ఈ విషయంలో నేను మెత్తబడలేను.

పండిట్ మాస్టారి ఎదురెదురు పేజీల ఉపాయం మాత్రం బాగుంది. నేనూ వాడతాను.

పల్లె బడి టీచర్

అందరికీ నమస్కారం. రెండు వారాలు ఆగి రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్టు ఏడో తరగతి సైన్సు పుస్తకంతో చేశాను, లెక్కల మాస్టారి ‘ఇంటూ’ కూడా కలిపాను.

నా మాట కొంత మార్చుకుంటున్నాను. తెలుగును రానివ్వకూడదన్నది తొందరపాటు. ‘కల్లా’, ‘దాకా’ చెప్పిన రోజు ‘బై’, ‘అంటిల్’ పాఠం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఎప్పుడూ రెండు పీరియడ్లు పట్టేది. పట్టిక మాత్రం మళ్లీ వేయను. ట్రైనీ గారి టైమ్‌టేబుల్ కూడా వాడాను, పిల్లలు బాగా పట్టించుకున్నారు. కానీ ‘ఫ్రమ్ టూ అవర్స్’ అనే తప్పు పోలేదు. అది తెలుగులో విడమరిచాకే పోయింది. పని చేయిస్తే చాలు, అన్నీ వస్తాయన్న మాటతో నేను ఇక ఏకీభవించలేను.

కోచింగ్ సర్, మీ బస్సు సూత్రం చెప్పాను, నచ్చింది. కానీ ‘సీనియర్ టు’ లాంటివి ఏడో తరగతిలో ఇప్పుడే మొదలుపెట్టను. ముందు వాళ్లు భయపడకుండా ఒక వాక్యం అనాలి.

ఒక్క చోట ఆగిపోయాను. ‘ఎట్’. దానికి తెలుగులో తోడు దొరకడం లేదు. ‘దగ్గర’ అంటే ‘నియర్’ అయిపోతోంది. బస్టాండులో ఉన్నాడంటే ‘ఇన్’ అంటున్నారు, ‘ఎట్’ రావడం లేదు.

బీఈడీ ట్రైనీ

మేడమ్, ఫోన్లో మ్యాపు చూపించండి. దూరం నుంచి చూస్తే బస్టాండు ఒక చుక్క. మనిషి ఆ చుక్క దగ్గర ఉన్నాడు, అది ‘ఎట్’. వేళ్లతో పెద్దది చేస్తే గోడలు, గదులు కనిపిస్తాయి. ఇప్పుడు ఆ గోడల మధ్య ఉన్నాడు, అది ‘ఇన్’. ఆరు గంటలు కూడా గడియారం మీద చుక్కే కాబట్టి ‘ఎట్ సిక్స్’. జనవరి చుక్క కాదు, దాని లోపల ముప్పై ఒక్క రోజులున్నాయి, ‘ఇన్’.

తెలుగు సాయం లేకపోయినా పని నడుస్తుందనడానికి ఇది నా వైపు సాక్ష్యం.

గుంటూరు కోచింగ్ సర్

‘ఎట్ నైట్’? రాత్రి చుక్కా, తమ్ముడూ?

బీఈడీ ట్రైనీ

కాదు సర్. దాన్ని అలాగే నేర్చుకోవాలి.

పల్లె బడి టీచర్

మ్యాపు చూపించాను. పనిచేసింది. ‘ఎట్ నైట్’ విడిగా చెప్పాను.

బస్సు టాపు గురించి అడిగిన పాప గురించి ఒక మాట. నిన్న తరగతి గది పైకప్పుకి ఒక బల్లి పాకుతోంది. నేను ‘ది లిజర్డ్ ఈజ్ ఆన్ ది సీలింగ్’ అన్నాను. ఈసారి టాపు మీద ఉందా అని అడగలేదు. “అంటుకుని ఉంది కాబట్టి ‘ఆన్’, వేలికి ఉంగరం లాగా” అంది. కాసేపాగి, మరి చెట్టు మీది పిట్టకు ‘ఇన్ ది ట్రీ’ ఎందుకన్నారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న అబ్బాయి “పిట్ట ఆకుల మధ్యలో ఉంటుందిగా” అన్నాడు. “మరి మామిడికాయలూ ఆకుల మధ్యే ఉంటాయిగా, వాటికి ‘ఆన్’ అన్నారు మేడమ్” అంది పాప. “కాయలు చెట్టుకి ఉంటాయి, పిట్ట ఎగిరిపోతుంది” అన్నాడు వాడు. బెల్లు కొట్టినా ఇద్దరూ ఆపలేదు.