దార్శనికతా, ధ్యేయమా, లక్ష్యమా? విశ్వవిద్యాలయ ఫలకం మీద ఏ మాట ఎక్కడ నిలవాలి

అనంతపురం నుంచి ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మా వైపు ఒక విశ్వవిద్యాలయం తన విలువలనూ, రాబోయే కాలానికి పెట్టుకున్న ఉద్దేశాలనూ తెలుగులో రాయించి, పరిపాలనా భవనం ముందు ఫలకంగా నిలపాలని సంకల్పించింది. ముసాయిదాను సరిచూసే పని నా మీద పడింది. అందులో ‘దార్శనికత’, ‘ధ్యేయం’, ‘లక్ష్యాలు’, ‘విలువలు’ అనే శీర్షికలున్నాయి. మొదటి దాని కింద ‘ప్రపంచస్థాయి విద్యనందించే అగ్రగామి జ్ఞానకేంద్రంగా పరిఢవిల్లడం’ అని ఉంది. తర్వాతి రెండింటి కిందా ఇంచుమించు ఇదే మాట వేషం మార్చుకొని కనబడుతోంది. ఈ పదాల మధ్య నిజంగా తేడా ఉందా, లేక శీర్షికలు నింపడానికి పర్యాయపదాలను వాడుకున్నారా? విలువల జాబితాలోని ‘సమగ్రత’ కూడా నాకు మింగుడుపడడం లేదు.

కడప నుంచి సమాధానం:

అయ్యా, తేడా ఉంది, అది పట్టించుకోదగినదే. ధ్యేయం ‘ధ్యై’ ధాతువు నుంచి వచ్చింది. గేయం, పేయం, జ్ఞేయం ఎలా ఏర్పడ్డాయో ఇదీ అలాగే ఏర్పడింది కనుక, ధ్యానింపదగినది, మనసు ఎడతెగకుండా నిలుపుకోదగినది అని దాని అర్థం. ధ్యేయానికి గడువుండదు. లక్ష్యం అలా కాదు, అది గురి. బాణం తగిలిందో తప్పిందో చూసినవాడెవడైనా చెప్పగలగాలి. ఆశయం అంటే లోపల నెలకొని ఉండే చోటు. జలాశయంలోనూ గర్భాశయంలోనూ ఉన్నది ఆ మాటే. మనసులో నెలకొన్న తలంపుకూ అదే పేరు వచ్చింది. చెవికి దగ్గరగా వినిపించినా, ఆశతో దానికి చుట్టరికం లేదు.

దార్శనికత దగ్గరే చిక్కు. షడ్దర్శనాలు అన్నప్పుడు దర్శనం ఒక తత్త్వశాస్త్రం, దార్శనికుడు దాన్ని ఎరిగినవాడు, దార్శనికత అతని గుణం. ఒక సంస్థ తన ఫలకం మీద తానే ఆ గుణాన్ని తనకు తగిలించుకోవడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ముందుచూపు’ అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక మీ ముసాయిదా వాక్యానికి వస్తే, దాని అసలు లోపం పదాల్లో కంటే కట్టుబడిలో ఉంది. ‘పరిఢవిల్లడం’ అని ముగిసిన వాక్యంలో కర్త లేడు, కాలం లేదు, ఎవరు ఎప్పుడు ఏమి చేస్తారో తెలియదు. లక్ష్యాన్ని ఎలా రాయాలో మన పెద్దలకు తెలియక కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ‘శ్రీబాగ్’ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకొన్న ఒడంబడికలో విశ్వవిద్యాలయాన్ని గురించి ఒక అంశం ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, రెండు కేంద్రాలుండాలనీ, ఒకటి విశాఖపట్నంలోని వాల్తేరులో, రెండోది అనంతపురంలో నడవాలనీ దాని సారాంశం. ఊరి పేరుంది, చేయవలసిన పని ఉంది. ఆ తర్వాత 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని స్నాతకోత్తర కేంద్రం అనంతపురంలో 1968లో మొదలైంది. అక్కడే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వెలసింది. కాబట్టి ఆ మాట ఎంతవరకు నెగ్గింది, ఎన్నేళ్లు ఆలస్యమైంది, ఏ రూపానికి మారింది అని ఎవరైనా తగువాడవచ్చు. ఇప్పటికీ తగువాడుతూనే ఉన్నాం. ‘అగ్రగామి జ్ఞానకేంద్రం’ మీద అలా తగువాడడానికి కూడా వీలులేదు.

తెలుగు శాఖల్లో చదివినవారికి లక్ష్యలక్షణాల జంట పరిచయమే. లక్షణం సూత్రమైతే, దాన్ని నిరూపించే ఉదాహరణ లక్ష్యం. లాక్షణికుడు లక్షణం చెప్పి ఊరుకోడు, కింద ఒక పద్యం చూపిస్తాడు. ఫలకం మీది విలువలకూ ఈ పద్ధతి పనికివస్తుంది. ‘ప్రాంతీయ జ్ఞానసంపద పరిరక్షణ’ అన్నది లక్షణం మాత్రమే. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా ఉన్న చోట లేచిన భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. వాటిని చదివి, ఎత్తిరాసి, పరిష్కరించగల విద్యార్థులను తయారుచేస్తామని రాస్తే అది దానికి లక్ష్యం అవుతుంది.

‘సమగ్రత’ విషయంలో మీ అనుమానం న్యాయమైనది. దేశ సమగ్రత అన్నప్పుడు అది ముక్కలు కాకుండా ఉండడం, సమగ్ర నివేదిక అన్నప్పుడు ఏమీ విడిచిపెట్టకపోవడం. మనిషి నడవడికి ఈ మాట అంటదు. ఎవరో ‘ఇంటెగ్రిటీ’ అన్న మాటకు ఇంగ్లీషు నిఘంటువు తెరిచి మొదటి అర్థాన్ని తీసుకున్నట్టున్నారు. ఇక్కడ కావలసింది ‘చిత్తశుద్ధి’. 1977లో కడపలో స్నాతకోత్తర కేంద్రంగా మొదలైనది 2006లో యోగి వేమన పేరిట విశ్వవిద్యాలయమైంది. ఆ వేమన మాటే ఇది:

ఆత్మశుద్ధి లేని యాచార మదియేల
భాండశుద్ధి లేని పాకమేల
చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా

రెండో పాదం గమనించండి. వంట రుచి సంగతి ఎత్తకుండా నేరుగా గిన్నె అడుగు చూస్తున్నాడు. బడి ముఖం చూసిన ప్రతివాడికీ ఈ పద్యం నోటికి వస్తుంది కాబట్టి, చిత్తశుద్ధికి ఫలకం మీద వివరణ అక్కర్లేదు.

కర్నూలు నుంచి:

పై సమాధానంలో చాలా భాగంతో నాకు పేచీ లేదు, ‘దార్శనికత’ మీద వేసిన వేటు మాత్రం అన్యాయం. మాట పుట్టుకను బట్టి అర్థాన్ని కట్టడి చేస్తే మనం నోరు మెదపలేము. ‘అభ్యంతరం’ సంస్కృతంలో లోపలిది, తెలుగులో ఆక్షేపణ. ‘అవసరం’ అక్కడ సమయం, అదను, ఇక్కడ అక్కర. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పత్రికలు ఇన్నేళ్లుగా వాడుతున్న దార్శనికత కూడా అలాగే స్థిరపడింది. పైగా ‘ముందుచూపు’ చాలా ఇంటిపట్టు మాట. మా వైపు వచ్చే ఏటికి విత్తనపు బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, అమ్ముకోకుండా దాచుకున్నవాణ్ణి ముందుచూపున్న మనిషి అంటారు. అది జాగ్రత్త. విశ్వవిద్యాలయానికి అంతకంటే పెద్ద ఊహ ఉండాలి కదా?

మరొక మాట. ‘విలువలు’ అన్న పదాన్ని ఎవరూ ప్రశ్నించలేదేం? అది మొదట బజారు మాట. పాత తెలుగులో విలుచు అంటే కొనడం. విలువ, వెల ఆ కుదురులోవే. నీతి అనే అర్థం దానికి ఆధునిక కాలంలో అబ్బింది.

కడప నుంచి మళ్లీ:

అభ్యంతరం, అవసరం జనం నోళ్లలో నలిగి అర్థం మార్చుకున్న మాటలు. సంతలో బేరమాడే మనిషి కూడా వాటిని వాడతాడు. దార్శనికత ఇంకా సభావేదికా, సంపాదకీయమూ దాటి రాలేదు. ప్రవేశాల సమయంలో బిడ్డను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులు ఆ ఫలకం ముందు నిలబడి చదువుకోగలగాలన్నదే నా పట్టుదల. విత్తనపు బుడ్డల ఉదాహరణ మీరు నాకు ఎదురుగా తెచ్చారు గాని, అది నా పక్షానే నిలుస్తోంది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన పడే అనంతపురం సీమలో, కళ్లముందున్న అవసరాన్ని ఓర్చుకొని వచ్చే పంటకారుకు గింజ మిగల్చడం చిన్న ఊహేమీ కాదు.

విలువ గురించి మీరన్నది నాకు ఎంతో నచ్చింది. వెల అర్థాన్ని దాచిపెట్టనక్కర్లేదు. ‘సమానత’ అని రాసి ఊరుకోకుండా, దానికోసం సంస్థ ఏమి చెల్లించడానికి సిద్ధంగా ఉందో కూడా రాయవచ్చు. వసతి గృహంలో చోటా, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి సంవత్సరం అదనపు తరగతులా, అంధ విద్యార్థులకు చదివి వినిపించే ఏర్పాటా, ఏదో ఒకటి.

అనంతపురం నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముసాయిదాను ఇలా తిరగరాశాను. ‘ముందుచూపు’ కింద: ‘ఈ సీమ నీటి కొరతను, నేలను, భాషను అర్థం చేసుకున్నవారు ఈ విశ్వవిద్యాలయం నుంచి బయటికి వస్తారు.’ ‘ధ్యేయం’ కింద: ‘చదవాలనుకున్నవారెవరికీ కులం, పేదరికం, ఊరి దూరం అడ్డు కాకుండా చూస్తాం.’ ‘లక్ష్యాలు’ కింద ప్రస్తుతానికి ఒకటే రాశాను: ‘పరిశోధన గ్రంథం సమర్పించే ప్రతి విద్యార్థి చేతా దాని సారాంశాన్ని సాధారణ పాఠకుడు చదవగలిగే తెలుగులో కూడా రాయించి ప్రకటిస్తాం.’ విలువల్లో సమగ్రతను కొట్టివేసి చిత్తశుద్ధి చేర్చాను. సమానత పక్కన అదనపు తరగతుల సంగతి పెట్టాను. సారాంశాల పని ఏ సంవత్సరంలోగా మొదలవుతుందన్న చోటు మాత్రం ఖాళీగా వదిలాను. అది నేను పూరించేది కాదు, పాలకమండలి పూరించవలసింది.