వంతెన ఎక్కేటప్పుడు కారు లాగడం లేదు, టర్బో మార్చాలంటున్నారు. నిజంగా మార్చాలా?

రాజోలు డీజిల్:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్కన పల్లెటూరు. కారు 1.5 లీటర్ల టర్బో డీజిల్, 2015 మోడల్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారు కొన్న బండి. ఇన్నేళ్లలో దారిలో ఒక్కసారి కూడా మమ్మల్ని నిలబెట్టలేదు.

పొద్దున్న తీసినప్పుడు బాగానే ఉంటోంది. ఓ పావుగంట నడిచి ఇంజిన్ వేడెక్కాక బలం సగానికి పడిపోతోంది. మన దగ్గర రోడ్డంతా బల్లపరుపు కాబట్టి మామూలుగా వెళ్తుంటే తెలియదు. ఎత్తంటే మనకి వంతెనే కదా. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కుతుంటే బయటపడింది. ఎప్పుడూ నాలుగో గేరులో ఎక్కిపోయేది, ఆ రోజు మూడోది వేసి కాలు కిందిదాకా నొక్కినా కదల్లేదు. వెనక కొబ్బరికాయల లారీ ఒకటే హారన్. ఇంజిన్ లైటు వెలిగింది. వంతెన దిగి, పక్కన ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పది నిమిషాలు బాగుంది, తర్వాత మళ్లీ అదే.

ఒక గ్యారేజీలో చూపించేను. కంప్యూటర్ పెట్టి పీ0299 అనే కోడ్ చూపించి, టర్బో పోయింది, 52 వేలు అవుతుందన్నారు. బోనెట్ ఎత్తి ఒక్క పైపు కూడా ముట్టుకోలేదు. అందుకే నాకు నమ్మకం కలగలేదు. అమ్మని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి భీమవరం తీసుకెళ్తున్నాను. బండి వారం రోజులు గ్యారేజీలో పెట్టలేను, ఆ డబ్బు ఇప్పుడు తీయడమూ కష్టమే.

ఎయిర్ ఫిల్టర్ మార్చేను, తేడా లేదు. పొగ నల్లగా రావడం లేదు, నీలంగానూ లేదు. ఇంజిన్ ఆయిల్ తగ్గడం లేదు. కొత్త ఈల, గాలి చప్పుడు ఏమీ వినపడలేదు. బండి కంప్యూటర్ అంకెలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ రీడర్ కొన్నాను. ఏ అంకెలు చూడాలో చెప్తే చూసి పెడతాను.

పాలకొల్లు పంపు మేస్త్రి:
బాబూ, ఆ 52 వేలు ముందు జేబులోనే ఉంచండి. 27 ఏళ్లుగా డీజిల్ పంపులు, టర్బోలు విప్పుతున్నాను. టర్బో పని ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టడం. పీ0299 అంటే టర్బో పోయిందని కాదు. ఇంజిన్ కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి రాలేదని, అంతే. ఎందుకు రాలేదో ఆ కోడ్ చెప్పదు. లోటు కొన్ని సెకన్లు అలాగే ఉంటే, ఇంజిన్‌ని కాపాడుకోవడానికి కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తుంది. ఆపి స్టార్ట్ చేస్తే కాసేపు బాగుండటం అందుకే.

పొగ సంగతి రాసి మంచి పని చేశారు. టర్బో తర్వాత ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) గొట్టం చిరిగితే, సెన్సర్ కొలిచిన గాలి దారిలోనే బయటికి పోతుంది, డీజిల్ మాత్రం ఆ లెక్కకి పడుతుంది. అప్పుడు నల్లపొగ, బుస్సుమని చప్పుడు. మీకు రెండూ లేవు. నీలం పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు కాబట్టి ఆయిల్‌ని ఆపే టర్బో సీళ్ల మీదా నాకు అనుమానం లేదు. చల్లగా ఉంటే బాగుండి వేడికి పోతోందంటే, టర్బోని ఆడించే వాక్యూమ్ (గాలి పీల్చేసిన లాగుడు) వైపు చూడాలి.

మీ బండిలో ఉన్నది రెక్కలు కదిలే రకం టర్బో అయి ఉంటుంది. పొగ గాలి తిరుగుడు చక్రం మీద పడేచోట చుట్టూ చిన్న రెక్కలుంటాయి. తక్కువ ఆర్‌పీఎమ్‌లో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) అవి మూసుకుని సందు ఇరుకు చేస్తే గాలి వేగంగా కొట్టి చక్రం తిరుగుతుంది. వాటిని లాగేది డబ్బా లాంటి యాక్చువేటర్, దానికి బలం వాక్యూమ్. వాక్యూమ్ పోతే రెక్కలు తెరుచుకుని ఉండిపోతాయి, ఒత్తిడి రాదు. పాత వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగ గాలిని పక్కకి వదిలే గేటు) టర్బోల్లో ఒత్తిడితో పనిచేసే యాక్చువేటర్ ఉంటే దీనికి తిరగబడుతుంది. ఆ పైపు ఊడితే గేటు తెరుచుకోక ఒత్తిడి ఎక్కువై పీ0234 వస్తుంది. చిన్న పైపే, ఒక బండిలో ఒకలా, ఇంకో బండిలో ఇంకోలా చేస్తుంది.

ఇలా చూడండి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి రీడర్‌లో మానిఫోల్డ్ ప్రెజర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) చదవండి. మనం సముద్రమట్టానికి ఆనుకునే ఉన్నాం కాబట్టి 100, 101 కిలోపాస్కల్స్ దగ్గర రావాలి. బాగా తేడా ఉంటే సెన్సరే మసి పట్టి అబద్ధం చెప్తోంది, తీసి శుభ్రం చేయండి. తర్వాత ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద మూడో గేరు, 2,000 ఆర్‌పీఎమ్, పూర్తిగా నొక్కి, అడిగిన ఒత్తిడి ఎంత, వచ్చింది ఎంత అని రాసుకోండి. చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి.

ఆఖరికి యాక్చువేటర్ కడ్డీ. స్టార్ట్ చేయగానే లోపలికి లాక్కోవాలి, ఆపగానే బయటికి రావాలి. చేతులు ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా పెట్టండి. లుంగీతో మాత్రం బోనెట్ దగ్గరికి వెళ్లకండి, కాకినాడలో ఒకాయనకి ఏమైందో నేను చూశాను.

చెరువు గట్టు:
మేస్త్రిగారు చెప్పింది అక్షరాలా నిజం. నాదొక మాట. బండి ఎక్కడ పెడుతున్నారండి? దాళ్వా కోతలయ్యాక చేలో ఎలుకలన్నీ ఇళ్లమీద పడతాయి. ఇంజిన్ వెచ్చగా ఉంటుంది, అక్కడే కాపురం పెట్టి పైపులు కొరుకుతాయి. మా బొలెరోకి ఇదే జరిగింది.

ఇంకోటి, తొందరపడి రొయ్యల చెరువుకి వాడే గాలి గొట్టం కోసి పెట్టకండి. నేను పెట్టేను. వారానికల్లా వేడికి మెత్తబడి, వాక్యూమ్‌కి చప్పిడైపోయి మళ్లీ అదే సమస్య.

రాజోలు డీజిల్:
ఇద్దరికీ ధన్యవాదాలండి. అన్నీ చూసేను.

ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో 101 వచ్చింది, సెన్సర్ బాగున్నట్టే. చల్లగా ఉన్నప్పుడు 210 అడిగితే 198 వచ్చింది. మలికిపురం దాకా వెళ్లొచ్చి చూస్తే 210 అడిగితే 134. కడ్డీ చల్లగా ఉన్నప్పుడు పూర్తిగా లోపలికి వెళ్తోంది, వేడికి సగంలోనే ఆగిపోతోంది.

బండి సావిడిలో, గడ్డిమేటు పక్కనే పెడుతున్నాను. చెరువు గట్టు అన్నగారి మాట చదివి టార్చి పట్టుకుని వెళ్లేను. ఇంజిన్ వెనక, అద్దం కింద గోడకి ఆనుకుని సోలనాయిడ్ (వాక్యూమ్‌ని అదుపు చేసే కరెంటు వాల్వు) నుంచి టర్బోకి వెళ్లే సన్న పైపు ఉంది. దాని కింది వైపు పళ్ల గాట్లు. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, వేలితో తడిమితే తెలిసింది. ఒంచితే గాటు నోరు తెరుస్తోంది. పక్కనే వరిగడ్డి, కొబ్బరి పీచు పోగేసి ఉన్నాయి. చల్లగా ఉంటే అంచులు అతుక్కుని, వేడికి రబ్బరు మెత్తబడి విచ్చుకుంటోంది అనుకుంటున్నాను. సరేనా మేస్త్రిగారూ? ఏ పైపు కొనాలి?

పాలకొల్లు పంపు మేస్త్రి:
సరిగ్గా పట్టుకున్నారు. వేడికీ ఆయిల్‌కీ తట్టుకునే దళసరి వాక్యూమ్ పైపు అడగండి. పాత ముక్క పట్టుకెళ్లి లోపలి బెజ్జం కొలిపించండి. వదులుగా ఉన్నది తెచ్చి క్లిప్పు బిగించకండి. ఆ వరసలో ఉన్న పైపులన్నీ మార్చేయండి, ఎలుక ఒక్కదాన్నే కొరికి ఊరుకోదు. బ్రేకు బూస్టర్‌కి (పెడల్ తేలిగ్గా నొక్కుకునేలా చేసేది) వెళ్లే లావు పైపు కూడా తడమండి. దానికీ బలం ఇంజిన్ మీదున్న అదే వాక్యూమ్ పంపు నుంచే. అది తెగితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, అమ్మగారిని కూర్చోబెట్టుకుని వెళ్లే బండి.

పైపు మార్చాక చేతి వాక్యూమ్ పంపు ఎవరి దగ్గరైనా ఉంటే యాక్చువేటర్‌కి తగిలించి లాగండి. కడ్డీ పట్టిపట్టి కాకుండా సాఫీగా రావాలి, పంపు మీటరు ముల్లు ఒక నిమిషమైనా కదలకుండా నిలబడాలి. ముల్లు పడిపోతే లోపలి పొర చిరిగినట్టు. కడ్డీ పట్టేస్తే రెక్కలకి మసి పట్టినట్టు. మన గట్టు రోడ్ల మీద ఎప్పుడూ నెమ్మదిగా తోలే బండ్లకి అది మామూలే. అప్పుడు కూడా ముందు శుభ్రం చేయించడమే, మార్చడం తర్వాత.

రాజోలు డీజిల్:
నాలుగు పైపులు మార్చేను, 340 రూపాయలు అయింది. రెండోదానికి కూడా గాటు ఉంది, మీరు చెప్పకపోతే వదిలేసేవాణ్ని. బ్రేకు పైపు బాగుంది. చేతి పంపు అమలాపురంలో స్నేహితుడి దగ్గర దొరికింది. ముల్లు నిలబడింది, కడ్డీ సాఫీగా వస్తోంది. కోడ్ చెరిపేను. బండి సావిడిలోంచి తీసి వాకిట్లో పెడుతున్నాను, రాత్రి బోనెట్ ఎత్తే ఉంచుతున్నాను. రేపు మంగళవారం అమ్మని భీమవరం తీసుకెళ్లాలి. చించినాడ ఎక్కేక రాస్తాను.

రాజోలు డీజిల్:
ఎక్కిందండి. నాలుగో గేరులోనే, ఇంజిన్ పూర్తి వేడిలో. 210 అడిగితే 207 వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే. లైటు వెలగలేదు. అమ్మ దారంతా నిద్రపోయింది.