309 పార్ట్‌నర్ వీసాకి ఏజెంట్‌ని పెట్టుకోవాలా, మేమే వేసుకోవచ్చా?

ప్రశ్న అడిగినవారు (మెల్‌బోర్న్):

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో గుంటూరులో మా పెళ్లయింది. నాకు ఇక్కడ పీఆర్ ఉంది, తను విజయవాడలో వాళ్ల అమ్మగారింట్లో ఉంది. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి ఉన్నది మొత్తం ఇరవై రెండు రోజులు, లీవు అంతకంటే దొరకలేదు. ఇప్పుడు సబ్‌క్లాస్ 309 వేయాలి. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షా ఎనభై వేలు అడిగారు, గ్రాంట్ గ్యారంటీ, రాకపోతే సగం వాపసు అంటున్నారు. ఇక్కడ ఒక రిజిస్టర్డ్ ఏజెంటేమో 4,400 డాలర్లు చెప్పాడు. అసలు వీసా ఫీజే 2025 జూలైలో 9,365 డాలర్లు చేశారు, దాని మీద ఇది కూడా అంటే పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు మహాప్రభో అనాలనిపిస్తోంది. ఏజెంట్ లేకుండా వేసినవాళ్లు ఉన్నారా? నిజంగా అవసరమా? టెన్షన్‌తో ఫారం తెరవడం, మూసేయడం, ఇదే పని అయిపోయింది.

జవాబు (మెల్‌బోర్న్, ఇంకొకరు):

మేమే వేసుకున్నాం బ్రో, వచ్చింది. ఇమ్మీ అకౌంట్‌లో, అంటే వీసాలు వేసే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ప్రశ్నలు చదివితే అర్థమవుతాయి, అదేం రాకెట్ సైన్స్ కాదు. వేసేటప్పుడు మీ మిసెస్ ఆస్ట్రేలియా బయట ఉండాలి, అది మీకు ఎలాగూ ఉంది. ముందు తన అప్లికేషన్ లాడ్జ్ చేసి, అంటే దాఖలు చేసి, ఫీజు కట్టండి, అప్పుడు వచ్చే టీఆర్‌ఎన్ అనే అప్లికేషన్ నంబర్ పట్టుకుని మీ స్పాన్సర్‌షిప్ ఫారం మీరు విడిగా వేయాలి. దానికి వేరే ఫీజు లేదు. చాలామంది మొదటిది వేసేసి రెండోది మర్చిపోతారు.

జవాబు (అడిలైడ్):

తమ్ముడూ, నేను ఏజెంట్‌తో వేయించినదాన్నే, అయినా అందరూ పెట్టుకోవాలని మాత్రం అనను. కేసులో ముడి ఏదైనా ఉంటే పెట్టుకో, లేకపోతే ఆ డబ్బులతో ఇంకోసారి ఇండియా వెళ్లి మీ ఆవిడతో నెల రోజులు ఉండు, ఫైలుకీ మంచిదే, మీకూ మంచిది.

ముందు ఆ గ్యారంటీ మాట వదిలెయ్. వీసా ఇచ్చేది హోమ్ అఫైర్స్, అంటే ఇమ్మిగ్రేషన్ చూసే శాఖ, ఆఫీసర్, గ్యారంటీ ఇవ్వడానికి వీళ్లెవరు? ఆస్ట్రేలియాలో ఉండి డబ్బు తీసుకుని వీసా సలహా ఇవ్వాలంటే ఓమారాలో, అంటే మైగ్రేషన్ ఏజెంట్లని రిజిస్టర్ చేసే ప్రభుత్వ ఆఫీసులో, రిజిస్టర్ అయి ఉండాలి, లేదా ఇక్కడ ప్రాక్టీసు చేసే లాయరై ఉండాలి. 2021 మార్చి నుంచి ఆ లాయర్లకి ఓమారా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అందుకని వాళ్లని ఆ రాష్ట్రంలోని లాయర్ల రిజిస్టర్‌లో చూసుకోవాలి. ఏజెంట్ అయితే మార్న్ అని ఏడంకెల నంబర్ ఉంటుంది. బోర్డు మీద రాసి ఉందనో విజిటింగ్ కార్డు మీద ఉందనో నమ్మకుండా ఓమారా వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి, వచ్చిన పేరూ నీతో మాట్లాడుతున్న మనిషి పేరూ ఒకటేనో కాదో చూడు. ఒకరి నంబర్ మీద ఆఫీసులో నలుగురు పనిచేస్తుంటారు, నీకు సలహా చెప్పేది ఎవరో తెలియాలి కదా. హైదరాబాద్‌లో కూర్చున్న కన్సల్టెన్సీకి రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక్కడి చట్టం వాళ్లని ఏమీ చేయలేదు, రేపు ఫోన్ ఎత్తకపోతే నువ్వు ఎవరికి చెప్పుకుంటావు? రిజిస్టర్డ్ వాడైతే పని మొదలుపెట్టే ముందే ఎంత తీసుకుంటాడో, దానికి ఏమేం చేస్తాడో రాతపూర్వకంగా అగ్రిమెంట్ ఇవ్వాలి, తేడా వస్తే ఓమారాకి ఫిర్యాదు చేయొచ్చు.

ఇక మా కథ. మా ఏజెంట్ మంచివాడే, నంబరూ ఉంది, కానీ ఫారం టైప్ చేసింది వాళ్ల ఆఫీసులో ఒక అమ్మాయి. అందులో మొదట ఎప్పుడు కలిశారు, బంధం ఎప్పుడు మొదలైంది, కలిసి జీవించాలని ఎప్పుడు నిశ్చయించుకున్నారు అని తేదీలు విడివిడిగా అడుగుతారు. మనవి పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు కదా, పెళ్లిచూపులు ఒక రోజు, తాంబూలాలు ఇంకో రోజు, ఆ మధ్యలో మూడు వారాల ఫోన్లు. ఆ అమ్మాయి అన్నిటికీ తాంబూలాల తేదీయే వేసేసింది. మా బాబాయి ఇక్కడి సిటిజన్, ఆయన సెలవులకి వచ్చినప్పుడు మా హాల్లో సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ మా పెళ్లిచూపులు చూశారు, ఆ రోజు తేదీతో సహా తన ఫారం 888లో, అంటే మన బంధం గురించి తెలిసినవాళ్లు ఇచ్చే సాక్ష్యం ఫారంలో, రాసిచ్చారు. అంటే మేము మొదటిసారి కలిశామని ఫారంలో ఉన్న రోజుకి మూడు వారాల ముందే మమ్మల్ని ఒకే గదిలో చూసిన సాక్షి అదే ఫైల్లో ఉన్నాడన్నమాట! లాడ్జ్ చేసే ముందు రోజు రాత్రి పన్నెండింటికి పీడీఎఫ్ చదువుతుంటే కనపడింది. చదవకపోతే అలాగే వెళ్లిపోయేది. వెళ్లిపోయాక తెలిసినా ఫారం 1023 మీద తప్పు సరిదిద్దుకోవచ్చు, కానీ ఆ తలనొప్పి ఎందుకు.

కాబట్టి ఏజెంట్ ఉన్నా లేకపోయినా చివరి డ్రాఫ్ట్ ఇద్దరూ కూర్చుని చదవాలి. ఫారంలో ఉన్న మాటలకి జవాబుదారీ మీరే, ఏజెంట్ కాదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అక్కా. పెళ్లిచూపుల విషయం చదివి వెంటనే మా ఆవిడకి ఫోన్ చేశా, నా లెక్కకీ తన లెక్కకీ నాలుగు రోజులు తేడా వచ్చింది, వాట్సాప్ వెనక్కి తిప్పితే తనదే కరెక్ట్.

ఇంకో చిన్న విషయం చెప్పలేదు. తను 2019లో ఆస్ట్రేలియాకి స్టూడెంట్ వీసా వేస్తే రిఫ్యూజ్ అయింది. కన్సల్టెన్సీ వాళ్లు అది పాతది, పైగా అప్పటి పాస్‌పోర్టు వేరు, పెట్టక్కర్లేదులే అన్నారు. మేము కూడా అదేం పెద్ద విషయం కాదనుకున్నాం. పరవాలేదంటారా?

జవాబు (పెర్త్):

బాబూ, ఆ సలహా ఇచ్చినవాడి నంబర్ ఫోన్‌లోంచి తీసెయ్. కోపంగా అంటున్నానని అనుకోకు. గతంలో ఏ దేశం వీసా అయినా రిఫ్యూజ్ అయిందా అని ఫారంలో సూటిగా అడుగుతారు. ఆస్ట్రేలియా వాళ్లు తిరస్కరించిన వీసా వాళ్ల రికార్డులోనే ఉంటుంది, పాస్‌పోర్టు మారినంత మాత్రాన పుట్టినతేదీ మారదు, ఫొటో మారదు. రిఫ్యూజల్ ఉండటం తప్పు కాదు, దాచడమే తప్పు. పీఐసీ 4020 అని ఒక నిబంధన ఉంది. ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం గానీ దొంగ కాగితం గానీ ఇచ్చారని తేలితే ఈ వీసా పోవడమే కాదు, మూడేళ్లపాటు ఆ నిబంధన ఉన్న వేరే వీసాలకీ ఇబ్బందే. గుర్తింపు విషయంలో మోసమైతే పదేళ్లు. నిజం రాస్తే ఒక పేరాతో పోయేదానికి ఇంత రిస్కు దేనికి?

ఇప్పుడు అసలు ప్రశ్న: 2019లో ఏ కారణంతో రిఫ్యూజ్ చేశారు? ఆ లెటర్ ఉందా?

ప్రశ్న అడిగినవారు:

లెటర్ లేదన్నా. అప్పుడు వేసింది కూడా ఒక కన్సల్టెన్సీయే, తను సంతకాలు పెట్టింది, ఫండ్స్ కాగితాలు వాళ్లే చూసుకుంటామన్నారట. ఏం పెట్టారో తనకి తెలియదు. ఈమెయిల్ ఐడీ కూడా వాళ్లు తెరిచిందే.

జవాబు (పెర్త్):

అయితే ఇదే ముడి. ఆ కాలంలో స్టూడెంట్ వీసాలు జీటీఈ కింద, అంటే చదువు అయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని చాలా పోయేవి. అలాంటిదైతే పార్ట్‌నర్ వీసాకి పెద్ద అడ్డు కాదు, భార్య భర్త దగ్గరికి వచ్చి ఉండిపోవడానికే కదా ఈ వీసా. ఫండ్స్ కాగితాలు దొంగవని 4020 కింద పోయి ఉంటే మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది కానీ వివరణ జాగ్రత్తగా రాయాలి. రెండిట్లో ఏదో తెలియకుండా ఫారం ముట్టుకోకు. ఇక్కడ మాత్రం ఒక గంటైనా రిజిస్టర్డ్ ఏజెంట్‌కో లాయర్‌కో డబ్బులు పెట్టు. పూర్తి ప్యాకేజీ తీసుకోమని అనడం లేదు.

జవాబు (సిడ్నీ):

అందరూ కన్సల్టెన్సీలని తిట్టడమేనా, మా కజిన్‌కి వాళ్లే చేశారు, లక్షన్నరలో అయిపోయింది.

జవాబు (అడిలైడ్):

అయితే సంతోషమే అండీ. ముడి లేని కేసు ఎవరు వేసినా అవుతుంది, వాళ్లే వేసుకున్నా అయ్యేది. ఈ అబ్బాయికి అబద్ధం రాయమని చెప్పారు చూడండి, నా గొడవ దాని గురించి.

ప్రశ్న అడిగినవారు:

పది రోజుల తర్వాత వచ్చి చెబుతున్నా, మధ్యలో అడిగినవాళ్లకి జవాబు ఇవ్వలేకపోయాను, సారీ. ఓమారాలో నంబర్ చూసుకుని ఒక ఏజెంట్ ఆవిడ దగ్గర గంట కన్సల్టేషన్ తీసుకున్నా, 250 డాలర్లు. వీడియో కాల్‌లో మా ఆవిడ కూడా ఉంది. ఏజెంట్ మొదట అడిగిందే 2019 సంగతి. ఎఫ్‌ఓఐ, అంటే ఇక్కడి సమాచార హక్కు చట్టం, కింద మా ఆవిడ పాత ఫైలు తనే అడిగి తెప్పించుకోవచ్చట, సొంత ఫైలు కాబట్టి ఫీజు కూడా లేదు. చట్ట ప్రకారం 30 రోజుల గడువు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం అవుతుందన్నారు. అదే రోజు అప్లై చేశాం. అది చేతికి వచ్చేదాకా లాడ్జ్ చేయొద్దు, అందులో ఏముందో చూసి దాన్ని బట్టి వివరణ రాద్దాం అన్నారు.

ఇరవై రెండు రోజుల గురించి భయపడుతూ అడిగా. భార్యాభర్తలు ఎప్పుడూ ఒకే చోట ఉండాలని చట్టంలో లేదట, శాశ్వతంగా విడిపోయి ఉండకూడదు, అంతే. నేను ఉద్యోగం కోసం ఇక్కడ, తను వీసా కోసం అక్కడ ఉన్నామని చెబితే చాలు, కానీ విడిగా ఉన్న ఈ నెలల్లో కూడా కాపురం నడుస్తోందని చూపించాలి అన్నారు. చూసేవి నాలుగట. డబ్బు విషయంలో ఎలా ఉన్నారు, ఇంటి బాధ్యతలు ఎలా పంచుకుంటున్నారు, నలుగురిలో భార్యాభర్తలుగా చెలామణీ అవుతున్నారా, ఒకరికొకరు ఎంత కట్టుబడి ఉన్నారు. నేను ఆల్బమ్‌లోంచి ఆరు వందల ఫొటోలు తీసి పెట్టుకున్నా, ఆవిడ నవ్వి ముప్పై నలభై చాలండీ, కింద తేదీ, చోటు, ఎవరెవరున్నారో రాయండి అన్నారు. తలంబ్రాల ఫొటోలే యాభై ఉన్నాయి నా దగ్గర! పెళ్లి తర్వాత ఏముంది అని అడిగితే తడబడ్డాను. అప్పుడు మా ఆవిడే చెప్పింది, నెలనెలా నేను తనకి పంపే డబ్బులోంచి మా అమ్మ బీపీ మందులు తనే కొని గుంటూరు బస్సులో వెళ్లి ఇచ్చి వస్తుందని. ఆ ట్రాన్స్‌ఫర్లు, మెడికల్ షాపు బిల్లులు, అమ్మ దగ్గర దిగిన ఫొటో, ఇవి పెట్టండి, ఆరు వందల ఫొటోలకన్నా ఇవి నయం అన్నారావిడ. నాకు అసలు తట్టనేలేదు.

చివరికి ఏం తేల్చుకున్నామంటే ఫారం మేమే నింపుతాం, భర్తగా నేను సాయం చేయడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదట. లాడ్జ్ చేసే ముందు మొత్తం ఫైలు ఆవిడ ఒకసారి చూసి, 2019 వివరణ సరిచూసి ఇస్తారు, దానికి 1,100. అగ్రిమెంట్ మెయిల్‌లో వచ్చింది.

జవాబు (బ్రిస్బేన్):

మంచి పని చేశారు. ఒక్క మాట. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్), మెడికల్స్ రెండూ ఏడాదే చెల్లుతాయి, ప్రాసెసింగ్ ఏడాది దాటితే మళ్లీ చేయించాల్సి రావచ్చు, ఎప్పుడు చేయించాలో ఆవిడనే అడగండి. ఇమ్మీ అకౌంట్‌కి ఇచ్చే ఈమెయిల్ మీ ఇద్దరిలో ఒకరిదే ఉండాలి, ఎవరో తెరిచిన ఐడీ ఇంకోసారి వద్దు.

ప్రశ్న అడిగినవారు:

ఈమెయిల్ తనదే పెట్టాం, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంది. ఇంకో డౌట్ అక్కా, 888 ఇచ్చే ఇద్దరు ఫ్రెండ్స్ మమ్మల్నే డ్రాఫ్ట్ రాసి పంపమంటున్నారు, సంతకం పెట్టేస్తారట. పంపనా?

జవాబు (అడిలైడ్):

వద్దు. ఇద్దరిదీ ఒకరే రాశారని చదువుతున్నప్పుడే తెలిసిపోతుంది. ఒకరిని మీ పెళ్లిలో తను చూసింది రాయమను, ఇంకొకరిని నువ్వు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతావు కదా, అది రాయమను. తేదీల దగ్గర మాత్రం గుర్తున్నవే రాయమని చెప్పు, గుర్తులేకపోతే నెల చాలు. ఇంగ్లిష్ తప్పులు ఉన్నా ఏం కాదు.

ప్రశ్న అడిగినవారు:

బాల్కనీ సంగతి మీకెలా తెలుసు అక్కా 😄 సరే, వాళ్లనే రాయమంటా. ఎఫ్‌ఓఐ ఫైలు వచ్చాక అందులో ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.