కంపెనీ బిగించి ఇచ్చిన డిఫరెన్షియల్ లాక్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

దేవరకొండ బాటసారి:
నిరుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను. మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది డిఫరెన్షియల్, ఒక చక్రం జారినప్పుడు రెండింటినీ కలిపి తిప్పేది దాని లాక్. ఈ బండి వెనుక ఇరుసులో దానంతట అదే పడే మెకానికల్ లాక్‌ను కంపెనీవారే అమర్చారు. దేవరకొండ అవతల ఉన్న మా పొలానికి వానాకాలంలో వెళ్లాలంటే ఒక వాగు, ఆ తర్వాత కిలోమీటరున్నర రేగడి దారి దాటాలి. ఇంతవరకు ఒక్కసారి కూడా బండి దిగబడలేదు. అయితే రెండు నెలలుగా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడల్లా వెనుక నుంచి కుదుపుతో కూడిన గరగర శబ్దం వస్తున్నది. మలుపులో లాక్ పడిపోతున్నదని, దాన్ని తీసేసి మామూలు డిఫరెన్షియల్ వేయించుకుంటేనే మంచిదని నల్లగొండలో మా మెకానిక్ అంటున్నాడు. ఇలాంటి లాకులు నిజంగా అంత త్వరగా పాడవుతాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

హాలియా ట్రాక్టర్:
మా ట్రాక్టరు పదిహేనేళ్లుగా కరిగెటలో దిగుతున్నది, దాని లాక్ పెడల్‌కు నేటికీ ఏ లోపమూ లేదు. చక్రం జారకముందే, బండి నెమ్మదిగా ఉన్నప్పుడే పెడల్ నొక్కుతాం, గట్టు దగ్గర మళ్లేముందు వదిలేస్తాం. జీపుల వాళ్లు మాత్రం చక్రం గిర్రున తిరిగేదాకా ఆగి, అప్పుడు లాక్‌ను తలచుకుంటారు.

అచ్చంపేట గేర్‌బాక్స్:
బాటసారి గారూ, తీయించే ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఈ రకం లాక్‌లో బరువులున్న చిన్న గవర్నర్ ఒకటి ఉంటుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితేనే అది విచ్చుకొని లాక్‌ను పడవేస్తుంది. బండి గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటాక అసలు పడనివ్వదు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు మన బండ్ల చక్రం నిమిషానికి తిరిగేదే దాదాపు 70 చుట్లు. అలాంటప్పుడు ఇంటి ముందు మెల్లగా మళ్లుతుంటే 100 చుట్ల తేడా ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి మీరు వింటున్నది లాక్ పడే చప్పుడు కాదని నా అభిప్రాయం. లోపలి క్లచ్ ప్లేట్లు, నూనె చెడిపోయినందువల్ల సాఫీగా జారలేక, పట్టి వదులుతూ చేసే శబ్దం కావచ్చు.

నూనె చెడడానికి మీ వాగే కారణమై ఉండవచ్చు. నడిచి నడిచి వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైన ఉండే బ్రీదర్, అంటే ఇరుసులోకి గాలి ఆడే చిన్న దారి, మట్టితో మూసుకుపోయి ఉంటే, ఆ గాలి లోటు పూడ్చుకోవడానికి ఇరుసు చివరి సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. నూనె విప్పి చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే సందేహమే అక్కరలేదు. కొత్త నూనె మాత్రం బండితో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడుదే పోయించండి, దుకాణంలో చేతికందిన డబ్బా వద్దు.

ఇక మన్నిక సంగతి. ఈ లాకులను చంపేది వాడకం కాదు, వాడే తీరు. ఒక చక్రం గాలిలో ఉండగా యాక్సిలరేటర్ అదిమి తొక్కితే లాక్ సుత్తి దెబ్బలా పడుతుంది, ఆ దెబ్బకు గవర్నర్ విరిగి ముక్కలు ఇరుసులోని క్రౌన్, పినియన్ అనే గేర్ల పళ్ల మధ్యకు చేరిన బండ్లు ఉన్నాయి. టైర్ల సైజు పెంచితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. వెనుక ఒకవైపు కొత్త టైరు, మరోవైపు అరిగిన టైరు వేసుకోవడం కూడా మంచిది కాదు; తిన్నని రోడ్డు మీద సైతం లోపలి పళ్లు విశ్రాంతి లేకుండా తిరుగుతూనే ఉంటాయి.

పాలమూరు ఎర్రమట్టి:
పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ అన్ని లాకులకూ అదే సూత్రం వర్తించదు. నావంటివారు నడిపే, స్విచ్ నొక్కితే పడే రకాల్లో ఇబ్బంది దీనికి తలకిందులుగా ఉంటుంది. అవి వాడకపోవడం వల్ల చెడిపోతాయి. జీప్ రూబికాన్‌లో, థార్ రాక్స్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో విద్యుత్తుతో పడే లాకులున్నాయి. ఇలాంటివాటిలో పళ్ల కన్నా ముందుగా మొరాయించేవి వైర్లు, కనెక్టర్లు, లాక్ పడిందో లేదో చెప్పే సెన్సర్లు. ఇరుసు బయట మోటారు ఉండే టయోటా పాత రకాల్లోనైతే, నీరు చేరి మోటారే తుప్పుతో బిగుసుకుపోవడం అందరికీ తెలిసిన జబ్బు. అందుకే నెలకొకసారి మెత్తటి నేల మీద లాక్ వేసి, నాలుగు గజాలు తిన్నగా నడిపి తీయాలి. ఫోర్స్ గూర్ఖా బండిలో ముందు ఇరుసుకూ లాక్ ఉంది. అది వేసి స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి బలం పెడితే, లాక్ నిలిచినా చక్రం దగ్గరి జాయింటు విరగవచ్చు.

జారే చక్రానికి బ్రేకు వేసి పని కానిచ్చే మారుతి జిమ్నీ పద్ధతిని మాత్రం నేను లాక్ అనను. అందులో అరిగేది బ్రేక్ ప్యాడే.

దేవరకొండ బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న నూనె విప్పించాను, అచ్చం మజ్జిగే. బ్రీదర్‌లో వేలెడు మట్టి గడ్డకట్టి ఉంది. మొదటిసారి పోసిన నూనెను రెండు రోజులు నడిపాక తీసేసి, మళ్లీ కొత్తది పోయించాను. శబ్దం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. వెనుక టైర్లు కొలిస్తే ఎడమది కుడిదానికన్నా 4 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగి ఉంది, ఈ వారంలో రెండూ మారుస్తాను. మా మెకానిక్ మాత్రం ఇప్పటికీ తీసేయమనే అంటున్నాడు.

అచ్చంపేట గేర్‌బాక్స్:
తీయవద్దు. ఈసారి వాగు దాటేముందు ఒడ్డున పది నిమిషాలు ఆగి ఇరుసును చల్లారనివ్వండి. బ్రీదర్‌కు ఒక పైపు తగిలించి, దాని చివరను బానెట్ దాకా ఎత్తులో కట్టించండి. నెల తర్వాత నూనె రంగు ఎలా ఉందో ఇక్కడే రాయండి.