జీపీఎస్ జామ్ అయితే సరుకుల బండి దారి తప్పుతోంది

ప్రశ్న: సైన్యానికి సరుకులు మోసే మానవరహిత వాహనం. ఆరు చక్రాలు, స్కిడ్ స్టీరింగ్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగంతో నడిపి బండిని మలుపు తిప్పడం). జీపీఎస్ ఆపి నడిపితే నాలుగైదు మలుపులకే దిశ తప్పుతోంది. పైగా గడ్డి కనిపిస్తే చాలు, ఆగిపోతోంది. ఎక్కడ సరిచేయాలండీ?

జవాబు: మలుపుల్లో ఎన్‌కోడర్లను (చక్రం ఎంత తిరిగిందో కొలిచేవి) నమ్మకండి. చక్రాలు పక్కకు ఈడ్చుకుపోతాయి, ఎంత అన్నది నేలను బట్టి మారుతుంది. దిశ గైరో (బండి ఎంత వేగంగా మలుపు తిరుగుతోందో కొలిచే సెన్సర్) నుంచి, ముందుకు వెళ్లే వేగం మాత్రమే చక్రాల నుంచి తీసుకోండి. బండి ఆగిన ప్రతిసారీ గైరో బయాస్ (కదలకపోయినా అది చూపే తప్పుడు రీడింగ్) సరిచేయండి.

జవాబు: గడ్డిలోంచి లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) కిరణాలు కొన్ని దూరిపోతాయి, బండరాయిలోంచి దూరవు. బండి మ్యాప్‌లోని ఒక్కో గడిలో ఎన్ని తగిలాయి, ఎన్ని దాటాయి లెక్కపెట్టండి. గడ్డి వెనక రాయి ఉండొచ్చు, అక్కడ వేగం తగ్గాల్సిందే. లైడార్ బిగింపు కూడా చూడండి: 1 డిగ్రీ వంగితే 20 మీటర్ల దూరంలో ఎత్తు 35 సెం.మీ. తప్పుతుంది, చదును నేలే గట్టులా కనిపిస్తుంది.

జవాబు: గడ్డి కన్నా గుంటే ప్రమాదం. లైడార్ 1.5 మీటర్ల ఎత్తున ఉంటే, 20 మీటర్ల దూరంలోని మీటరు వెడల్పు గుంటలో కనిపించేది అవతలి గోడ మీద 7.5 సెం.మీ. మాత్రమే. కిరణం తిరిగిరాని చోటును ఖాళీ నేలగా రాసుకోకండి, గుంటగానే లెక్కించండి.