బ్రిటన్‌లో ఆఫీసు ద్వారా ఈ-బైక్ కొంటే పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: మా కంపెనీలో సైకిల్ టు వర్క్ స్కీమ్ (ఆఫీసు ద్వారా సైకిల్ తీసుకుని, ఆ ఖర్చు జీతంలో కోతగా వాయిదాల్లో కట్టే పథకం) ఉందండీ. ఈ-బైక్‌కి వర్తిస్తుందా? ఎంత మిగులుతుంది?

జవాబు: వర్తిస్తుంది, కాకపోతే పెడల్స్ ఉండాలి, మోటార్ 250 వాట్లు దాటకూడదు. జీతంలో కోత పన్ను లెక్కకు ముందే పడుతుంది కాబట్టి ఆ మొత్తం మీద 20 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి ప్రభుత్వ సాయాల కోసం జీతంలోంచి కట్టేది) కట్టక్కర్లేదు, అంటే మామూలు శ్లాబులో వెయ్యి పౌండ్లకు 280 మిగిలినట్టే.

మరో జవాబు: నిజమే గానీ బండి మొదట్లో కంపెనీదే, మీరు అద్దెకు వాడుతున్నట్టు లెక్క. చివర్లో సొంతం చేసుకోవడానికి ఎంత కట్టాలో సంతకానికి ముందే అడగండి. మధ్యలో ఉద్యోగం మానేస్తే మిగతా వాయిదాలకు ఈ మినహాయింపు ఉండదు.

ప్రశ్న: జీతం తక్కువుంటే?

జవాబు: కోత తర్వాత కనీస వేతనం కంటే తగ్గకూడదండీ. అలా అవసరం ఎక్కువున్నవాళ్లకే ఈ స్కీమ్ అందకపోవడం చాలా అన్యాయం.