ప్రాణహితపై అడ్డగాలిని కాంతికిరణంతో కొలవవచ్చా?

ప్రశ్న (సిరోంచ, గడ్చిరోలి జిల్లా):
మా ఊరు ప్రాణహితకు తూర్పు ఒడ్డున ఉంది, అవతలి ఒడ్డు తెలంగాణ. గట్టు మీద ఆకు కదలకపోయినా నది నడుమ గాలి తోస్తుందని పడవ నడిపేవారు చెబుతారు. గట్టున బిగించిన కప్పుల అనిమోమీటరు ఆ ఒక్క చోటి గాలినే చూపుతుంది కనుక, ఒడ్డు నుంచి ఒడ్డుకు డాప్లర్ లైడార్ (గాలిలోని ధూళి నుంచి వెనక్కి వచ్చే లేజరు కాంతితో గాలి వేగం కొలిచే పరికరం) కిరణం వేసి, నది పొడవునా వీచే గాలిని మా డిగ్రీ విద్యార్థులతో కొలిపించవచ్చునా?

జవాబు 1:
ఆ అమరికలో డాప్లర్ లైడార్ మీకు ఉపయోగపడదు. అది కిరణం వెంట వచ్చే పోయే గాలినే పట్టుకుంటుంది. మీకు కావలసినది కిరణానికి అడ్డంగా వీచే గాలి. కిరణాన్ని వేర్వేరు దిశలకు తిప్పి లెక్కగట్టవచ్చు గానీ, అది ఖరీదైన దారి.

సింటిల్లోమీటరు (కాంతి మినుకును కొలిచే పరికరం) పద్ధతి మీకు సరిపోతుంది. నక్షత్రం మినుకుమన్నట్లే, వేడి చల్లని గాలి సుడులు దాటివచ్చిన దీపకాంతి కూడా మినుకుమంటుంది. సుడులను గాలి మోసుకుపోతుంది కనుక, దీపానికి ఎదుటి ఒడ్డున పక్కపక్కనే పెట్టిన రెండు గ్రాహకాలలో (కాంతిని అందుకునే పరికరాలలో) ఒకే మినుకు కొద్ది ఆలస్యంతో కనిపిస్తుంది. ఆ ఆలస్యంతో గ్రాహకాల ఎడాన్ని భాగిస్తే వేగం వస్తుంది, ఏ గ్రాహకం ముందు స్పందించిందో చూస్తే గాలి దిశ తెలుస్తుంది. అమెరికాలో లారెన్స్, ఓక్స్, క్లిఫర్డ్ 1972లోనే ఈ విధానాన్ని ప్రచురించారు.

జవాబు 2:
పై జవాబులో ఒక సవరణ అవసరం. దీపం ముందు చేయి కదిపితే గోడ మీది నీడ చేతికంటే వేగంగా పరుగెత్తుతుంది. అదే విధంగా, ఒకే దీపం నుంచి విచ్చుకుంటూ వచ్చే కాంతిలో, సరిగ్గా నది మధ్యనున్న సుడి నీడ గ్రాహకం దగ్గర రెట్టింపు వేగంతో జరుగుతుంది. గ్రాహకాల ఎడం 20 సెంటీమీటర్లు, ఆలస్యం 0.05 సెకను అయితే నీడ వేగం సెకనుకు 4 మీటర్లు, గాలి మాత్రం 2 మీటర్లే. ఇది మరచిన విద్యార్థి తుపాను వచ్చిందని రాసినా రాస్తాడు.

దీపం, గ్రాహకం సమానమైన కటకాలతో ఉంటే మధ్య భాగపు గాలికే ఎక్కువ ప్రాధాన్యం దక్కుతుంది. పడవవారి మాటను పరీక్షించడానికి అది అనుకూలమే. కాలిన ఇసుక మీద మధ్యాహ్నం మినుకు మితిమీరి సిద్ధాంతం పట్టు తప్పవచ్చు; అందుకే కటకాలు పెద్దవి, సుమారు 15 సెంటీమీటర్ల వ్యాసం గలవి, ఎంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కరెంటు మా ఒడ్డున ఉంది కనుక గ్రాహకాన్ని ఇక్కడే పెట్టి, దీపాన్ని బ్యాటరీతో అవతల నిలుపుదామనుకుంటున్నాము.

జవాబు 2:
అప్పుడు మీ గ్రాహకం పడమర ముఖంగా ఉంటుంది, సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి దూరుతుంది. గొట్టానికి పొడవైన నల్లని తొడుగు, దీపపు రంగును మాత్రమే రానిచ్చే ఫిల్టరు తప్పనిసరి. ఎలాగూ సూర్యాస్తమయానికి కాస్త ముందు నేలకూ గాలికీ వేడిలో తేడా చెరిగిపోయి మినుకు బలహీనపడుతుంది కనుక, ఆ అరగంట లెక్కలను పక్కన పెట్టండి.